నేల మీద చుక్క లేదు

గుమ్మ ఘాటీ ఏడో మలుపు దగ్గర
బండికి ఊపిరందడం మానేసి ఎనిమిది నెలలు.
మూడో గేరు మరిచిపోయింది.
రెండో గేరులో ఏడుస్తుంది.
వెనక గంపలోని ఎండుచేపల కంపుని కూడా
మింగేసేంత పొగ.
నా వెనకొచ్చే బస్సు క్లీనరు
కొండ మీద ఒడియాలో తిట్టేవాడు,
పర్లాకిమిడి దగ్గరపడేసరికి తెలుగులో తిట్టేవాడు.

బరంపురం పెద్ద గ్యారేజీలో బోరు కొట్టించేను.
పిస్టన్ కొత్తది, రింగులు కొత్తవి,
ఆరువేల మూడొందలు.
వారం తిరక్కుండా
అదే మలుపు, అదే పొగ.

పొట్నూరు దాలయ్య షెడ్డుకి బోర్డు లేదు.
మహేంద్రతనయ వంతెన దిగేక
తాడుకి వేలాడే పాత చైన్లే గుర్తు.
పానా ముట్టుకోలేదు.
పీట మీద కూర్చుని అడగడం మొదలెట్టేడు.

"పొద్దున్న తొలి కిక్కుకా, ఎక్కుడులోనా?"
"రెండింటికీ."
"దిగుడులో యాక్సిలేటరు మూసీసి, మళ్ళీ ఇస్తే?"
"అప్పుడే మరీ ఎక్కువ."
"తెలుపా, నీలమా?"

ఏం చెప్పను.
పొగ రంగు వెనకున్నవాడికి తెలుస్తుంది గానీ
నడిపేవాడికి తెలుస్తుందా.

సైలెన్సరు ముందు అరచెయ్యి పట్టేడు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు
పులుసు రుచి చూసినంత నెమ్మదిగా.
"పెట్రోల్లో కలిపీ ఆయిలు కాదిది."
ప్లగ్గు విప్పేడు. తడి కాటుక.
"గేరాయిలు ఎంత పోయించేవు?"
"బోరప్పుడు. ఆరొందల యాభై."

కింద నట్టు వదులు చేసి
బ్రాందీ సీసాలోకి పట్టేడు.
ధార సన్నమై, చుక్కలై,
చుక్కలు కూడా ఆగిపోయేయి.
సీసా ఎండకి ఎత్తేడు.
సగం కూడా లేదు.

"మిగతాదేదీ?"

బండి కింద వంగి చూసేను.
ఇంజను చుట్టూ పాత లుంగీగుడ్డతో తుడిచేడు,
గుడ్డ పొడిగానే వచ్చింది.
నేల మీద చుక్క లేదు.
"కారలేదు. ఒలకలేదు. ఎవుడూ ఎత్తుకుపోలేదు.
తాగీసినాది.
లోపల్లోపలే."

నేను చైన్ల వైపు చూసేను.

ఇంట్లో సూరీడమ్మ
వారం వారం లెక్క వేస్తుంది.
రెండొందలు తగ్గుతాయి.
నా చొక్కా జేబు తిరగేసి చూసింది, చిల్లు లేదు.
గంప దులిపి చూసింది.
చివరికి తన కూడికనే అనుమానించి
పక్కింటి పిల్లాడి చేత మళ్ళీ కూడించింది.

"క్లచ్చు పక్క క్రాంకు సీలు," అన్నాడు దాలయ్య,
"సంటిపిల్ల గాజంత రబ్బరు.
పాతపట్నం రోడ్డు మీద గేటు ఇరిగిపోతే
లారీలు ఆగుతాయేటి?
అటేపు ఆయిలు ఇటేపొచ్చి కాలిపోతంది.
దీనికి నువ్వు పిస్టన్ మార్చేవు."

నాలుగో రోజు శ్రీకాకుళం బస్సులో
అగ్గిపెట్టెలో వచ్చింది సీలు. తొంభై రూపాయలు.
పాతదాన్ని నా చేతిలో పెట్టేడు.
వంచబోతే వంగలేదు,
ముసలి కాలిగోరులా విరిగింది.

ఆయిలు నిండా పోసి అన్నాడు:
"పది రోజులకి రా. కొలిసి సూద్దుం."

మర్నాడు పొద్దున్నే ఘాటీ.
పొగ పూర్తిగా పోలేదు,
టూ స్ట్రోకు బండి, ఆమాత్రం ఉంటుంది.
కానీ అయిదో మలుపులో మూడో గేరు,
ఆరో మలుపులోనూ మూడో గేరే.

ఏడో మలుపులో సొంబారి పాక.
నా బండి ఏడుపు కింద లోయలో వినిపించగానే
జీలుగు కల్లు కుండలో బుర్ర ముంచి ఉంచేది.
"బండి వేడెక్కిందమ్మా" అనేవాణ్ణి.
ఎనిమిది నెలలూ అదే మాట.
ఒక్కసారైనా ఇంజను మీద చెయ్యి పెట్టి చూడలేదు తను.

ఈసారి చప్పుడు పోల్చుకోలేకపోయింది.
నేను ఎదురుగా వచ్చేసేక
గబగబా బుర్ర అందుకుంది.
బండి చల్లగా, హాయిగా, నిలబడకుండా పోతోంది.
చెప్పడానికి నా దగ్గర ఒక్క సాకూ లేదు.

అద్దంలో చూసేను.
చాన్నాళ్ళకి వెనక రోడ్డు కనిపించింది,
రోడ్డు మీద బుర్రతో నిలబడ్డ మనిషీ కనిపించింది.

ఎనిమిదో మలుపు దాటేక
హ్యాండిలు వెనక్కి తిప్పేనా లేదా అన్నది
దాలయ్య సీసాలో కొలిస్తే
తెలిసేది కాదు.